ఆరు సెకన్ల ఊపిరి

మార్టూరులో ఇరవై రెండేళ్లు గ్రానైట్ రాళ్లకు పాలిష్ పట్టి, మా అన్నయ్య తోమా ఆ పొడినంతా ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు. ఇప్పుడు మంచం దిగి బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే మధ్యలో ఒకసారి కూర్చోవాలి. "సోమవారం చేర్పించండి, ఇక ఆలస్యం వద్దు. బీమా కార్డు తెచ్చుకోండి" అన్నాడు గుంటూరు డాక్టరు. కార్డు లేకపోతే రావద్దనే మాటను ఆయన అంత మర్యాదగా చెప్పాడు.

సమయానికి ప్రభుత్వానికి ఊపిరితిత్తుల మీద ప్రేమ పుట్టింది. దీర్ఘకాలిక రోగులందరికీ బీమా అంటూ కొత్త విధానం తెచ్చి, శుక్రవారం మండల ఆఫీసులో శిబిరం పెట్టింది. మేడ మీద. ఎక్కి రాగలిగినవాళ్లను లెక్కపెట్టుకుని, జబ్బు తగ్గుముఖం పట్టిందని పైకి రాసి ఉంటారు.

ఇరవై నాలుగు మెట్లకి మాకు అరగంట పట్టింది.

పైన పథకం సమన్వయకర్త సురేంద్రగారు కూర్చుని ఉన్నారు. వెనక 'ప్రతి ఊపిరికీ అండ' అని బ్యానరు, చొక్కా జేబులో సిగరెట్ పెట్టె. పక్కన లాప్‌టాప్ ముందున్న శ్రీరమ్య అనే అమ్మాయి అన్నయ్య ఆధార్ నంబరు కొట్టి, లాప్‌టాప్‌కి తగిలించిన ఊపిరి కొలిచే గొట్టం చేతికిచ్చింది.

"బాగా పీల్చి, ఆరు సెకన్లు ఆపకుండా ఊదాలి అంకుల్. మూడుసార్లు."

మొదటిసారి రెండో సెకనుకే దగ్గు. రెండోసారి అదీ లేదు. మూడోసారి గొట్టం పట్టుకుని నావైపు చూశాడంతే.

"చెల్లదంటోంది సార్" అంది శ్రీరమ్య.

"అయితే రిజెక్ట్ కొట్టెయ్."

"ఊదలేకపోవడమే కదండీ జబ్బు?" అన్నాను.

"చదువుకున్నవారిలా ఉన్నారు, మీకూ చెప్పాలామ్మా? సరిగ్గా ఊదితేనే కదా సరిగ్గా ఊదలేడని తేలేది!"

నేను బీయస్సీ చదివాను. ఈ సూత్రం మా సిలబస్‌లో లేదు.

"పోదాం... పా... మహిమా" అన్నాడు అన్నయ్య.

"ఉండన్నయ్యా. సార్, మావాడికి ఊదడం తెలియట్లేదు. మీరొక్కసారి చూపిస్తే నేర్చుకుంటాడు."

నేర్పమంటే కాదనే అధికారిని నేనింతవరకు చూడలేదు. ఆయన కొత్త గొట్టం తగిలించుకున్నారు. తెర మీద అన్నయ్య ఫైలు ఇంకా తెరిచే ఉంది. శ్రీరమ్య నావైపు చూసింది. నేను బ్యానరు వైపు చూశాను.

ఆయన చెవులు ఎర్రబడేదాకా ఊదారు.

"చూశావుటయ్యా?"

"తల దించుకున్నాడండీ, చూళ్లేదు. ఇంకొక్కసారి."

ఊదారు.

"పెదాలు ఎలా పట్టారో అర్థం కాలేదట సార్."

మళ్లీ ఊది, రొప్పుతూ కుర్చీలో పడ్డారు.

"మూడూ చెల్లాయి సార్" అంది శ్రీరమ్య. "యాభై రెండు శాతం. అరవై లోపు కాబట్టి అర్హుడే. దానంతటదే అప్రూవ్ అయి కార్డు ప్రింటవుతోంది."

"ఎవరికి యాభై రెండు?"

"తోమాగారికండి. ఫైలు ఆయనదేగా."

"క్యాన్సిల్ చెయ్!"

"చెయ్యొచ్చు సార్. మరి ఊదిందెవరో రాయమంటోంది. వాళ్ల ఆధార్ నంబరు కూడా."

సురేంద్రగారి చెయ్యి అలవాటుగా జేబు దాకా వెళ్లి, ఖాళీగా తిరిగొచ్చింది. పొద్దుట్నించీ ఎందరి ఊపిరితిత్తులనో తిప్పి పంపిన మనిషి, ఒక రిపోర్టు చూసి బాధపడటం ఇదే మొదలనుకుంటాను.

కార్డు బ్యాగులో వేసుకుని, అన్నయ్య రెక్క పట్టుకుని మెట్లు దిగుతుంటే పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, ఈ సంగతి బయట..."

"ఎందుకు చెప్తానండీ? కార్డు వెనక చూశారా, ఏడాదికోసారి మళ్లీ ఊదాలట. అందాకా సిగరెట్లు మానకండి సార్."

అన్నయ్య నవ్వాడు. నవ్వు దగ్గయింది. తొమ్మిది మెట్లు దిగి అక్కడే కూర్చున్నాం. ఇంకా పదిహేను మెట్లున్నాయి. సోమవారానికి మూడు రోజులుంది.