ముందు ఒళ్ళు, తర్వాత తలలు

గసగసాల సీసా మీది కాగితం ఎంతకీ ఊడి రావడం లేదు. చెల్లెలు దాన్ని వేడినీళ్ళలో పావుగంట నానబెట్టింది, గోరుతో గీకింది, చెంచా అంచుతో గీకింది. మూలలు లేచాయి గానీ నడిమి భాగం మొండికేసింది.

"వదిలెయ్యవే భూతద్దం, సీసాకి చిల్లు పెట్టేలా ఉన్నావు," అంది అక్క స్టవ్ దగ్గర నుంచి, వెనక్కి తిరక్కుండానే. "తెల్లారినప్పట్నుంచి తోముతూనే ఉన్నావు. పదకొండు గంటలకి తీర్పయితే దానికి సీసాలేం చేశాయి పాపం?"

భూతద్దం అన్నది అక్క పెట్టిన పేరే. చెల్లెలు చేవ్రాతలు పరీక్షించే నిపుణురాలు. ఏ సంతకం అసలు, ఏది నకిలీ, ఏ ఉత్తరం ఎవరి చేతిది, ఇవన్నీ కోర్టుకు వెళ్ళి చెబుతుంది. ఇరవై ఆరేళ్ళుగా చెబుతోంది. మిగతా సాక్షులు కళ్ళతో చూసింది, చెవులతో విన్నది మాత్రమే చెప్పాలి. నిపుణురాలు తనకేమనిపించిందో కూడా చెప్పొచ్చు, కోర్టు దాన్ని రాసుకుంటుంది. మొదట్లో ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

ఇవాళ్టి తీర్పు గడియారాలు బాగుచేసే ఒక మనిషిది. దుకాణంలో అతని భాగస్వామి ఏటిలో శవమై తేలాడు, తలకి దెబ్బ. చనిపోయినవాడి ఇంట్లో బల్ల మీద ఒక చీటీ దొరికింది: "వంతెన దగ్గరకు ఒక్కడివే రా." సంతకం లేదు. వాళ్ళిద్దర్నీ వంతెన మీద చూసినవాళ్ళెవరూ లేరు. ఉన్నదల్లా ఆ చీటీ ముక్క. అది గడియారాలతని చేతిదేనని ఆమె చెప్పింది.

ఊరికే చెప్పలేదు. ఎవరైనా రాసేటప్పుడు ఏ అక్షరం తలకట్టు ఆ అక్షరానికి అప్పుడే పెట్టేసుకుంటూ పోతారు. చీటీ రాసిన మనిషి అలా కాదు. మాటంతా బోడిగా రాసేసి, వెనక్కి వచ్చి, తలకట్లన్నీ ఒక్క ఊపిరిలో కొట్టుకుంటూ వెళ్ళాడు. మైక్రోస్కోపు కింద పెడితే ఒక తలకట్టు తోక నుంచి తర్వాతి దాని దాకా వెంట్రుకంత సిరా దారం కనిపిస్తుంది. గడియారాలతని దుకాణం చీటీల్లోనూ అదే దారం ఉంది.

జడ్జిగారికి అర్థమయ్యేలా కోర్టులో బోర్డు మీద "దగ్గర" అని రాసి చూపించింది కూడా. ముందు బోడి అక్షరాలు, ఆ తర్వాత టకటకా మూడు తలకట్లు. "అచ్చం అతనిలాగే రాశారండీ," అని సర్కారు ప్లీడరు మెచ్చుకున్నాడు. "ఇరవై ఆరేళ్ళలో ఈ అలవాటు ఇంకొకరిలో నేను చూడలేదు," అని ఆమె ముగించింది. జడ్జిగారు ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుని రాయించుకున్నారు.

ఆమె బోను దిగుతుంటే గడియారాలతను ఆమె కళ్ళలోకి చూశాడు. ఏదో గుర్తుచేస్తున్నట్టు, మెల్లగా అన్నాడు: "ముందు ఒళ్ళు. తర్వాత తలలు."

హాలంతా ఒక్కసారిగా చల్లబడిపోయింది. మర్నాడు పేపర్లు ఆ మాటే బెదిరింపంటూ పెద్దక్షరాల్లో వేశాయి. అప్పట్నుంచి అతని సొంత లాయరు కూడా అతనికి కాస్త ఎడంగా కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆ మాట ఆమె వెంటే ఇంటికొచ్చింది. పళ్ళు తోముకుంటుంటే వినిపించేది, మెట్లు దిగుతుంటే వినిపించేది. విచిత్రమేమిటంటే అది అతని గొంతులో వినిపించేది కాదు. పిల్లల గొంతులు. ఒకరిద్దరు కాదు, గదినిండా పిల్లలు. అక్కకి చెప్పుకుందామంటే, కేసుల సంగతులు గడప దాటి లోపలికి తేకూడదని అక్కే పెట్టిన కట్టుబాటు ఒకటుంది. అక్క పేపర్లో హత్యలున్న పేజీ చదవకుండానే మడిచేస్తుంది.

ఆమె సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నీళ్ళకి ఉబ్బిన కాగితం మీద "గసగసాలు" అన్న మాట ఇంకా చెదిరిపోలేదు. మూడు తలకట్లు. వాటి మధ్య వెంట్రుకంత దారం.

సీసాని అక్క వైపు తిప్పి పట్టుకుంది.

"అక్కా, ఇది నువ్వెప్పుడు రాశావు?"

"నేనా? నా రాత నీకు తెలీదూ, చీమని సిరాలో ముంచి వదిలినట్టుంటుంది. అది నువ్వే రాశావు. ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో ఒక పూటంతా కూర్చుని డబ్బాలన్నిటికీ నువ్వేగా అంటించావు. పన్నెండేళ్ళయింది."

ఆమె అల్మరా తలుపు తీసింది. జీలకర్ర. చక్కెర. శనగలు. దారం, దారం, దారం. గోడకున్న క్యాలెండరు మీద పాలవాడు రాని రోజులు, ఫోను పక్కన నంబర్ల పుస్తకం, అన్నీ తన చేతివే. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఆమె వీపు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉన్నాయి. రిపోర్టులు టైపు చేస్తుంది. ఊళ్ళోవాళ్ళందరి రాతలూ అద్దం కింద పెట్టింది, తన రాత ఒక్కటీ పెట్టలేదు.

బల్ల ముందు కూర్చుని తెల్లకాగితం తీసుకుంది. ఈసారి జాగ్రత్తగా, ఏ తలకట్టు దానికప్పుడే పెట్టాలని గట్టిగా అనుకుని, "దగ్గర" అని రాయబోయింది. ద రాసింది. తలకట్టు పెట్టాలనుకునేలోపే చెయ్యి గ్గ మీదికి, అక్కణ్ణుంచి ర మీదికి వెళ్ళిపోయింది. తర్వాత దానంతటదే వెనక్కి వచ్చి, టక, టక, టక.

సంచీలోంచి చీటీ నకలు తీసింది, పల్చటి ట్రేసింగు కాగితం. తన కాగితం మీద పరిచి, రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించింది. రెండు మాటలూ ఒక్కటయ్యాయి.

వంతెన దగ్గరకు తనే పిలిచినట్టుంది.

ఆ భాగస్వామి చనిపోయిన రాత్రి తనెక్కడుందో ఆమెకి తెలుసు. ఈ గదిలోనే, అక్క పక్కన, బట్టలు మడతపెడుతోంది. అయినా ఒకసారి మనసులో సరిచూసుకుంది.

"ఏంటే అలా పాలిపోయావు?" అక్క గరిటె పట్టుకునే వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. చూసి నవ్వేసింది. "ఓసి దీని అసాధ్యం కూలా! ఇంకా పంతులుగారి పద్ధతేనా నీది? నాకు రెండో బడిలో చీవాట్లు పెట్టి మాన్పించారు. నువ్వు మొండిఘటానివి, మానలేదు."

"ఏ పంతులుగారు?"

"నీకెక్కడ గుర్తుంటుందిలే, ఆ బడిలో ఒక్క ఏడాదేగా ఉన్నావు, ఈలోగా నాన్నకి బదిలీ అయింది. పలక మీద అక్షరాలన్నీ బోడిగా దిద్దించేవాడు. అవయ్యాక అందరికీ ఒకేసారి తలకట్లు. బల్ల మీద బెత్తంతో తాళం వేస్తుంటే మనమంతా పాడేవాళ్ళం." అక్క గరిటెతో బల్ల అంచు మీద తట్టింది, అరవై ఏళ్ళ గొంతుని ఆరేళ్ళ గొంతు చేసి. "ముందు ఒళ్ళూ... తర్వాత తలలూ..."

చెల్లెలు కిటికీకి ఆనించిన కాగితాలు దించి అడిగింది. "ఎంతమంది ఉండేవాళ్ళం?"

"గది పట్టనంత మంది. ముప్పై ఏళ్ళు అదే గదిలో చెప్పాడట ఆయన. ఎందుకే?"

అప్పుడు చెప్పింది. గడప దాటి లోపలికి తేకూడనిదంతా తెచ్చింది. అతను బెదిరించలేదు. బోర్డు మీద ఆమె చెయ్యి చూశాడు, తనలాగే ఆ బడిలో దిద్దిన పిల్లని గుర్తుపట్టాడు. ఇంకొకరిలో చూడలేదని ఆమె అన్న అలవాటు ఆమె వేళ్ళలోనే ఉందని, తనకి తెలిసిన ఒకే ఒక్క గుర్తుతో చెప్పాడు.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయినా ఆ చీటీ అతనే రాసుండొచ్చుగా?"

"రాసుండొచ్చు."

"మరింకేం?"

"నేను ఉండొచ్చు అనలేదక్కా. అతనే అన్నాను."

"ఇప్పుడు వెళ్ళి పొరపాటైందంటే ఊరుకుంటారా? ఇరవై ఆరేళ్ళుగా నువ్వు చెప్పినవన్నీ తవ్వుతారు. నీ మాట మీద జైలుకెళ్ళినవాళ్ళంతా మన గుమ్మం ముందు బారులు తీరతారు. ఈ వయసులో నీకు భూతద్దం ఎవరిస్తారే?"

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. కోర్టుకి నలభై నిమిషాల దారి.

ఆమె సీసాని తువ్వాలుతో తుడిచింది, కాగితం చెదరకుండా, చుట్టూ మాత్రమే. అదే తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టుకుంది. తను రాసిన కాగితాన్నీ, చీటీ నకలునీ దాని పక్కన సర్దింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.

"ఏమే, నిన్నే. ఏం చెయ్యబోతున్నావో చెప్పి వెళ్ళు."

అక్క చేతిలో గరిటె ఇంకా బల్ల అంచు మీద సన్నగా తాళం వేస్తూనే ఉంది, అక్కకే తెలియకుండా. చెల్లెలు ఒక్క క్షణం ఆ చేతిని చూసింది. తలుపు తీసింది, సంచీని రెండు చేతులతో గుండెకి పొదువుకుంది, మెట్లు దిగి కోర్టు దారి పట్టింది.