ఎడమ వైపు అద్దాలు

డెల్బర్ట్ అప్పటికి మూడోసారి తుడుస్తున్నాడు. బస్సుకు ఎడమ వైపున్న అద్దాలు ఆరూ పొద్దుటి ఎండకు తళతళలాడిపోతున్నాయి. కుడి వైపు అద్దాల మీద మాత్రం నిన్నటి దుమ్ము, మొన్నటి పురుగులు అలాగే అంటుకుని ఉన్నాయి. షెడ్డులో ఉన్న బస్సుల్లో డెల్బర్ట్ బస్సు ఏదో తెలుసుకోవడానికి నంబరు చూడనక్కర్లేదు. ఒక చెంపకే పౌడరు రాసుకున్న పెళ్ళికొడుకులా ఉంటుంది.

కారణం అందరికీ తెలిసిందే. సరస్సు చుట్టూ కొండ అంచున ముప్పై మూడు మైళ్ళ రోడ్డు. బస్సులు గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతాయి, కాబట్టి సరస్సు ఎప్పుడూ కుడి చేతి వైపే. బస్సు ఆగిన ప్రతిచోటా జనం కుడి తలుపు గుండా దిగి, అంచున కట్టిన రాతి గోడ దగ్గరికి పరుగెడతారు. డెల్బర్ట్ తన వైపున్న చిన్న తలుపు తీసుకుని, గుడ్డ పట్టుకుని ఎడమ వైపుకు దిగుతాడు. ఇరవై నాలుగు వేసవుల్లో మూడున్నర వేల చుట్లకు తక్కువ తిరిగి ఉండడు. సరస్సును ఒక్కసారి కూడా నిండుగా చూడలేదు.

అలాగని కంటి కొసకు నీలం తగలకుండా ఉంటుందా? తగులుతుంది. మలుపు మలుపుకూ తగులుతుంది. అమ్మమ్మ లెక్కలో అది చూపు కిందికి రాదు.

“ఊరికే చూడ్డానికి అదేమన్నా తిరునాళ్ళట్రా డెల్లూ?” అనేది అమ్మమ్మ. “అడగాల్సింది ఉన్నవాడే చూడాలి. దాన్ని అడిగేది జన్మకి ఒక్కసారే. చూసుకుని అడుగు.”

కొండ కింద వాళ్ళ ఊరు చిలొక్విన్‌లో ఆ మాట పట్టించుకునేవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. తమ క్లామత్ తెగ పిల్లలే వచ్చి సరస్సు ముందు నిలబడి ఫోటోలు దిగి పోతున్నారు. డెల్బర్ట్ ఎవరినీ ఏమీ అనడు. తన మట్టుకు తాను అమ్మమ్మ మాట దాటలేదు, అంతే. ఎవరైనా ఎగతాళి చేస్తే, “రోడ్డు చూడమని నాకు జీతమిస్తున్నారు, నీళ్ళు చూడమని కాదు” అనేవాడు. స్టీరింగు చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ మాట చెల్లింది.

రేపటికి డెబ్భై నిండుతాయి. డెబ్భై నిండినవాళ్ళకు బస్సు ఇవ్వరు. ఇవాళే ఆఖరి చుట్టు.

అందుకే తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. కాఫీ పోసుకుని తాగడం మరిచిపోయాడు. చిలొక్విన్ నుంచి కొండెక్కుతూ, ఈ వయసులో ఇదేం చోద్యమని తనలో తనే నవ్వుకున్నాడు.

“బాబాయ్, ఇవాళైనా కుడి వైపు తుడుస్తావా?” వెనక నుంచి మరిస్సా గొంతు. ఆమెదీ చిలొక్వినే. బస్సులో మైకు పట్టుకుని సరస్సు కథంతా చెప్పేది ఆమె.

“తుడవను. చూస్తా.”

మరిస్సా చేతిలో కాగితాలు జారి కింద పడ్డాయి. వాటిని ఏరుకోకుండానే బస్సు చుట్టూ తిరిగి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

“నిజంగా? ఒట్టు?”

“ఒట్టే.”

“ఏం అడుగుతావ్?”

“అదే తేలట్లేదే అమ్మాయ్. రాత్రంతా ఆలోచించా.”

“మోకాళ్ళు అడుగు.”

“మోకాళ్ళకి డాక్టరున్నాడు.”

“పోనీ లాటరీ?”

“అంత సరస్సు ముందు నిలబడి చిల్లర అడుగుతామా?”

మరిస్సా పకపకా నవ్వింది. డెల్బర్ట్ నవ్వలేదు. అతనికి నిజంగానే అంతు చిక్కడం లేదు. పట్నంలో ఉన్న కొడుకు తాగుడు మానేసి నాలుగేళ్ళయింది. ట్రక్కు బాగానే నడుస్తోంది. ఇంటి కప్పు పోయిన శీతాకాలమే వేయించాడు. నదిలోకి సాల్మన్ చేపలు రావాలని అడుగుదామనుకుంటే, ఆనకట్టలు తీసేశాక అవి చెప్పకుండానే వచ్చేశాయి. మనిషికి ఏ కోరికా లేకపోవడం ఇంత ఇబ్బందా అనిపించింది.

ఒక కోరిక ఉండేది. ఆరేళ్ళ కిందట భార్య వెర్లాకు జబ్బు ముదిరినప్పుడు, ఒక మధ్యాహ్నం బస్సు ఆపి, గుడ్డ జేబులో పెట్టేసి, సరస్సు వైపు సగం తిరిగాడు. ఆ సంగతి ఆ రాత్రి ఆమెకు చెబితే ఆమె మంచం మీద నుంచే కసిరింది. “నా ఈడుకి నేను బతికేశాను. నా మీద తగలేస్తావా దాన్ని? దాచుకో. నేను పోయాక నీకు దేనికి పనికొస్తుందో.” అతను దాచుకున్నాడు. వెర్లా పోయింది. ఆరోజు పూర్తిగా తిరిగి ఉంటే ఏమయ్యేదోనన్న బాధ ఇప్పటికీ పోలేదు.

పదింటికి జనం ఎక్కారు. చివర్లో ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు వచ్చారు. చెల్లెలు లోయిస్ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, అక్క ఎడ్వినా తెల్ల కర్ర తాటించుకుంటూ వచ్చి డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. నెబ్రాస్కా నుంచి వచ్చారట. ఎడ్వినాకు ఎనభై ఒకటి. తొమ్మిదో ఏట మెదడు జ్వరం వచ్చి చూపు పోయింది. ఇదంతా బస్సు కదలకముందే, అడక్కుండానే, ఆవిడే చెప్పేసింది.

మొదటి మజిలీలో అందరూ దిగారు. ఎడ్వినా దిగలేదు. రాళ్ళ మీద తడుముకుంటూ పోయి పడే ఓపిక లేదంది. డెల్బర్ట్ కూడా దిగలేదు. ఆఖరి మజిలీలోనే చూడాలని పెట్టుకున్నాడు. అప్పటిదాకా అడగాల్సింది ఆలోచించుకోవచ్చు. మరిస్సా బయట నుంచి కళ్ళతోనే ‘ఇప్పుడేనా?’ అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

లోయిస్ రొప్పుకుంటూ తిరిగొచ్చింది.

“చాలా బాగుందే అక్కా.”

“ఎలా బాగుంది?”

“నీలంగా.”

“ఎంత నీలం?”

“బోలెడు నీలం.”

ఎడ్వినా సీటు వెనక్కి వాలింది. “విన్నావా డ్రైవరబ్బాయ్? డెబ్భై ఏళ్ళుగా ఇవే నా కళ్ళు. నయాగరాకి తీసుకెళ్ళి, నీళ్ళు పడుతున్నాయే అంది.”

“పడలేదా మరి?” అంది లోయిస్ మూతి ముడుచుకుని.

డెల్బర్ట్‌కు నవ్వాగలేదు. డెబ్భై ఏళ్ళ వాణ్ణి అబ్బాయ్ అని పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నందుకు సంతోషం కూడా వేసింది.

రెండో మజిలీలో మళ్ళీ ఇద్దరే మిగిలారు. ఎడ్వినా ముందుకు వంగి అతని భుజం మీద తట్టింది.

“నువ్వు చెప్పబ్బాయ్. రోజూ చూసేవాడివి. ఎలా ఉంటుంది?”

డెల్బర్ట్ గొంతు సవరించుకుని, ఇరవై నాలుగేళ్ళుగా మైకులో విన్నది అప్పజెప్పాడు. ఏడువేల ఏడొందల ఏళ్ళ కిందట కొండ పేలి, తన కడుపులోకి తనే కూలిపోయింది. ఆ గుంటలో వానా మంచూ నిండాయి. లోతు పంతొమ్మిది వందల నలభై మూడు అడుగులు. వచ్చి కలిసే ఏరు లేదు, బయటికి పోయే ఏరు లేదు.

“జనాభా లెక్కలు ఎవరడిగారు? రంగు చెప్పు, రంగు.”

“కొందరు సిరా అంటారు. కొందరు నీలమణి అంటారు.”

“మా ఇంట్లో సిరా నల్లగా ఉండేది. మణులు మా వంశంలో ఎవరూ చూళ్ళేదు. నీకెలా కనపడుతుందో చెప్పు.”

ఇక దాచలేకపోయాడు. “నేనెప్పుడూ చూళ్ళేదమ్మా.”

ఎడ్వినా నవ్వు మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. “గుడ్డిదాన్ని దొరికానని సరసమాడుతున్నావా?”

అప్పుడు చెప్పాడు. అమ్మమ్మ మాట, ఎడమ వైపు అద్దాలు, వెర్లా, ఇవాళ చూడబోవడం, అడగడానికి ఏమీ దొరకకపోవడం. మొత్తం చెప్పడానికి మూడు మజిలీలు పట్టాయి. బస్సు కదిలితే ఆపేవాడు, ఆగితే అందుకునేవాడు. ఎడ్వినా ఎక్కడా అడ్డు రాలేదు. వెర్లా కసిరిన మాట దగ్గర మాత్రం, “నీ పెళ్ళాం నాకు నచ్చింది” అంది.

రోడ్డు అన్నిటికన్నా ఎత్తైన చోటికి ఎక్కింది. గాలికి వంగిపోయి నేలబారుగా పెరిగిన తెల్లమాను దేవదారులు, వాటి మీద అరుస్తూ తిరిగే బూడిదరంగు పిట్టలు. సెప్టెంబరు గాలి పొడిగా, కార్చిచ్చుల పొగ వాసన లేకుండా ఉంది. జనం కేరింతలు కొడుతున్నారు. ఒకాయన టోపీ గాలికి ఎగిరిపోయినా పట్టించుకోలేదు. డెల్బర్ట్ సీటులోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఇంకొక్క మజిలీ మిగిలింది. ఆ తర్వాత రోడ్డు అడవిలోకి మళ్ళిపోతుంది, ఇక నీళ్ళు కనిపించవు.

ఆఖరి మజిలీ. కొండ అంచు కిందికి దిగి, నీళ్ళకు కాస్త దగ్గరయ్యే చోటు. నీళ్ళలో తెరచాప ఓడలాంటి చిన్న రాతి దిబ్బ ఉంటుందని మరిస్సా మైకులో చెబుతోంది. అందరూ దిగిపోయారు. లోయిస్ తలుపు దగ్గర ఆగి, “రాకూడదటే, నేను పట్టుకుంటాగా” అంది.

“వచ్చి ఏం చేస్తానే? నువ్వు వెళ్ళు.” ఎడ్వినా కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంది. చెల్లెలు దిగిపోయాక, ఎవరితోనూ కాకుండా మెల్లగా అంది. “ఇంటికెళ్ళి అందరికీ నీలం అని చెప్తాలే.”

అందులో వెటకారం లేదు. పొద్దుటి నుంచీ ఆ గొంతులో ఉన్న గడుసుతనం ఒక్క పిసరు కూడా లేదు. డెల్బర్ట్‌కు ఆ మాట వచ్చి గుచ్చుకుంది.

అతను లేచాడు. ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ప్రయాణికుల తలుపు గుండా కుడి వైపుకు దిగాడు. బూట్ల వైపే చూసుకుంటూ పదిహేను అడుగులు వేశాడు. మరిస్సా చూసింది. మాటలు మధ్యలో ఆపేసి, ఆ పక్కన ఎవరో మాట్లాడబోతే నోటి మీద వేలు పెట్టుకుని వారించింది. రాతి గోడ చేతికి తగిలింది. చల్లగా ఉంది. తల ఎత్తాడు.

ముందు నవ్వొచ్చింది. “ఓర్నీ!” అన్నాడు, బయటికే.

ఇంత ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, విన్నవి ఏవీ దీనికి సరిపోలేదు. గాలి లేదు. అవతలి ఒడ్డున ఉన్న కొండ గోడలు నీళ్ళలో తలకిందులుగా, గీత కూడా చెదరకుండా నిలబడి ఉన్నాయి. నీలం పైన పరుచుకున్నట్టు లేదు. అడుగు నుంచి ఊరి పైకి వస్తున్నట్టుంది. మూడున్నర వేల సార్లు దీని పక్క నుంచే పోయాను కదా అని ఒళ్ళు ఝల్లుమంది. ఏడుస్తున్నాడని అతనికి ఆలస్యంగా తెలిసింది. బాధ మాత్రం లేదు. చిన్నప్పుడు గుర్రం ఎక్కించినప్పటి సంబరం అది.

ఏం అడగాలో అప్పుడు వెతుక్కోనక్కర్లేకపోయింది.

“ఆవిడకి చెప్పడానికి ఒక మాట ఇవ్వు” అన్నాడు.

గోడ పక్కన ఒకసారి వంగి లేచి, తిరిగి బస్సెక్కాడు. ఎడ్వినా ముందు మెట్టు మీదే కూలబడ్డాడు.

“అమ్మా, మీ ఇంట్లో బట్టలకి నీలిమందు పెట్టేవాళ్ళా?”

ఆవిడ తల చటుక్కున పైకి లేచింది. “సోమవారం! సోమవారం సోమవారం పెట్టేది మా అమ్మ. తెల్ల తొట్టిలో.”

“నీళ్ళలో నీలిమందు వేస్తారు చూడండి. వేశాక, ఇంకా చెయ్యి పెట్టి కలపకముందు, అది పడిన చోట ఒక రంగు ఉంటుంది. పైకి తేలుతూ, కిందికి దిగుతూ…”

“ఉంటుంది! ఉంటుంది!” ఎడ్వినా అరిచింది. కర్ర ఒళ్ళోంచి జారి దొర్లిపోయింది. రెండు చేతులూ గాలిలోకి చాపింది. “అది చూడ్డానికే తొట్టి పట్టుకుని నిలబడేదాన్ని. వేలు పెట్టబోతే అమ్మ కొట్టేది. అదా? అదేనా?”

“అదే.”

“తొట్టి ఎంత?”

“ఆరు మైళ్ళ తొట్టి.”

“ఇంకా కలపలేదు కదా?”

“లేదమ్మా. ఎవరూ కలపలేదు.”

ఆవిడ చేతులు అలాగే చాపి, చూపులేని కళ్ళు పెద్దవి చేసుకుని, ఏడు దశాబ్దాల కిందటి తొట్టి అంచు పట్టుకుని నిలబడిన పిల్లలా కూర్చుంది. ముఖమంతా వెలిగిపోతోంది. లోయిస్ మెట్లెక్కి వచ్చి, అక్కనూ డ్రైవరునూ మార్చి మార్చి చూసింది.

“నేనూ నీలమనే కదే చెప్పా!”

“నోరుమూసుకుని కూర్చోవే, నేను చూస్తున్నా” అంది ఎడ్వినా.

తిరుగు దారిలో బస్సంతా గోలగోలగా ఉంది. ఎడ్వినా వెనక సీటువాళ్ళకు, పక్క సీటువాళ్ళకు, తనే సరస్సును వర్ణించి చెబుతోంది. డెల్బర్ట్ ఈల వేసుకుంటూ నడిపాడు.

జనం దిగిపోయాక తాళాలు కొక్కేనికి తగిలించాడు. సంతకం పెట్టాడు. మరిస్సా ఆగలేక అతని చెయ్యి పట్టుకుంది.

“ఏం అడిగావ్ బాబాయ్?”

చెప్పాడు. ఆమె నోరు తెరిచింది. “వెర్లా పిన్ని వద్దంటే దాచుకున్నది… ఊరూ పేరూ తెలియని ఆవిడ కోసమా?”

“పేరు తెలుసే. ఎడ్వినా.”

“అది కాదు…”

“ఇచ్చింది కదే అమ్మాయ్! అడగ్గానే ఇచ్చింది.” డెబ్భై ఏళ్ళ ముఖం మీద పండగ ఉంది. మరిస్సా తల మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరాడు. తన ట్రక్కు ఎక్కి, చిలొక్విన్ వైపు దిగిపోయాడు. మలుపు దగ్గర ఒకసారి హారన్ కొట్టాడు. ఆ తర్వాత అడవే.

మధ్యాహ్నం చుట్టుకు కొత్త డ్రైవరు వచ్చాడు. ఆఖరి మజిలీలో మరిస్సా జనాన్ని దింపి, గోడ దగ్గరికి వెళ్ళింది. ఒకాయన ఫోటో కోసం గోడ పక్కన కాలు పెట్టబోతుంటే, చప్పున మోచెయ్యి పట్టుకుని ఆపింది. అడిగి పుచ్చుకున్నవాడు రాయి మీద రాయి పెట్టి పోవాలని ఆమె ఇంట్లోనూ చెప్పేవారు.

గోడ మొదట్లో, అరచేతంత బూడిదరంగు రాయి మీద, ఉసిరికాయంత నల్లరాయి కాస్త వంకరగా, పడకుండా కూర్చుని ఉంది.