సింహానికి వేసిన అతుకు

ఆ మ్యూజియంలో ఒక మొగుడూ పెళ్ళామూ పనిచేసేవారు. ఆవిడ గైడు. ఆయన గడ్డి కూరిన జంతువులకు మరమ్మతులు చేసే మనిషి. ఆవిడ నోటితో బతికేది, ఆయన సూదితో. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు గానీ, సూది మంచిదైతే ఏమవుతుందో పెద్దలెవరూ చెప్పిపోలేదు. ఆవిడ కథ ముగించగానే పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆయన మెడ నొప్పి పుట్టేదాకా వంగి జింక చెవికి అతుకు వేస్తే, చూసినవాళ్ళు జింకను మెచ్చుకుని పోయేవారు. అందులో జింక చేసిందేముంది? అదెప్పుడో చచ్చి ఊరుకుంది.

అతుకు కనిపిస్తే పని చెడినట్టు. కనిపించకపోతే అసలు పనే జరగనట్టు. ఈ బాధ ఆయన అన్నం దగ్గర రోజూ వెళ్ళబోసుకునేవాడు.

"ఒక్క మనిషి, ఒక్కసారి, 'ఎంత బాగా కుట్టావయ్యా' అంటే చాలే నాకు. ఇంకేం వద్దు."

"నేనంటూనే ఉన్నాగా."

"నువ్వంటే ఏం లెక్క? ఇంట్లో మనిషివి."

"అలాగా? అయితే చారు కూడా బయటివాళ్ళనే పొయ్యమనండి," అని ఆవిడ గరిటె గిన్నెలో పడేసేది.

ఇంతలో మ్యూజియానికి నూరేళ్ళు నిండాయి. మనుషుల విషయంలో ఆ మాటకు అర్థం వేరు గానీ, మ్యూజియానికి మాత్రం అది వేడుక. డైరెక్టరు గారు గోడలకు రంగులు వేయించారు, గుమ్మానికి రిబ్బను కట్టించారు, ముఖ్య అతిథిగా మ్యూజియం పెట్టిన పెద్దాయన మనవరాలిని పిలిచారు. తర్వాత మరమ్మతుల గదికి స్వయంగా వచ్చారు.

"ఏమయ్యా, మన మొదటి జంతువు సింహం కదా. ఆ రోజు కొత్తగా మెరిసిపోవాలి. వేదిక మీద నీ పేరు నేనే చెబుతా."

ఆ మాటకు ఆయనకు ఆకలి కూడా వేయలేదు. సింహాన్ని గదిలోకి తెప్పించి తలుపు వేసుకున్నాడు. దాని కుడి భుజం మీద వేలు దూరేంత చిల్లు ఉంది, పురుగు కొట్టింది. లోపలి పాత గడ్డి చీకిపోతే పట్టకారుతో లాగేశాడు. దాంతోపాటు బియ్యపుగింజంత పన్ను ఒకటి బల్ల మీద పడింది. "ఎలుకలు ఇక్కడ కూడా కాపురం పెట్టాయన్నమాట," అని విసుక్కుని దాన్ని చెత్తబుట్టలోకి విసిరాడు. బుట్ట ఆ సాయంత్రమే ఖాళీ అయింది. కొత్త గడ్డి కూరి, తోలు అతికి, వెంట్రుక పక్కన వెంట్రుక నాటాడు. అంతా అయ్యాక భూతద్దం పెట్టి వెతికితే తన అతుకు తనకే దొరకలేదు. ఆనందంతో ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

వేడుక రోజు పొద్దున్నే ఆవిడ సింహాన్ని చూసి గుండెలు బాదుకుంది.

"ఏవండీ! చిల్లేదండీ?"

"ఉంటేగా కనబడటానికి!" అన్నాడాయన, మీసం దువ్వుకుంటూ.

"మీ చేతులు పడిపోను! అది గుండు దెబ్బండీ! నా కథంతా దాని మీదే నిలబడింది!"

నిజమే. అతుకు ధ్యాసలో పడి ఆయన ఆ సంగతే మరిచిపోయాడు. పెద్దాయన మీదికి సింహం దూకడం, ఆయన ఒకే ఒక్క గుండుతో దాన్ని పడగొట్టడం, ఆవిడ ఏళ్ళ తరబడి చెబుతున్న కథ. అల్లరి పిల్లల నోరు మూయించడానికి ఒక రోజు పుట్టించింది. గోరంత చిల్లు కొండంత కథ అయి, ఇప్పుడు వేడుక బ్యానరు మీదికి కూడా ఎక్కింది. ఆ సింహం నోట్లో ఉన్నవి సుద్దపళ్ళనీ, అది ఎవరి మీదికీ దూకే స్థితిలో చచ్చినది కాదనీ ఆయనకు తెలుసు. కానీ పెళ్ళాం కథలో వేలు పెట్టేంత ధైర్యం ఏ మొగుడికుంటుంది?

డైరెక్టరు గారు పరుగున వచ్చారు. విషయం విని తల పట్టుకున్నారు.

"చిల్లు పెట్టవయ్యా, ముందు చిల్లు పెట్టు!"

"నా అతుకు విప్పడం నా వల్ల కాదు సార్. ప్రాణం పోయినా విప్పను."

"అయితే ఎడమ భుజానికి పెట్టు. ఫోటోలు ఎలాగూ అటు నుంచే తీస్తారు. గుండు ఎటు తగిలితే ఏంటి, సింహం చచ్చిందా లేదా?"

అతుకు బతికిపోయింది, అంతే చాలనుకున్నాడాయన. బరమా తెచ్చి ఎడమ భుజానికి చిల్లు పెట్టాడు. అంచులకు కాస్త మసి కూడా రాశాడు. చచ్చిన పాముని మళ్ళీ కొట్టడమంటే అదే.

సభ బ్రహ్మాండంగా జరిగింది. గైడమ్మ కథ చెబితే హాలంతా చప్పట్లతో మారుమోగింది. డైరెక్టరు గారు రంగులు వేసినవాళ్ళ పేరు చెప్పారు, కుర్చీలు ఇచ్చినవాళ్ళ పేరు చెప్పారు. మరమ్మతు మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే చిల్లు సంగతి బయటపడదూ! మొదటి వరసలో ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్న మనిషి చివరిదాకా మెడ చాచి విని, జనం లేచాక తనూ లేచాడు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

అందరూ టీల మీద పడ్డారు. మొగుడూ పెళ్ళాం సింహం దగ్గరే ఉండగా, మనవరాలు చేతికర్ర పోటు వేసుకుంటూ అక్కడికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఎడమవైపు చూడనైనా చూడలేదు. తిన్నగా కుడివైపు వెళ్ళి, భుజం మీది వెంట్రుకల్లో వేళ్ళు పెట్టి తడమసాగింది.

"గుండు దెబ్బ ఇటువైపమ్మా," అంది గైడమ్మ, ఎడమ భుజం చూపిస్తూ.

ఆ ముసలావిడ నవ్వింది.

"గుండేంటమ్మా! తలుపు గట్టిగా పడితేనే ఉలిక్కిపడేవాడు మా తాతయ్య. ఇది సర్కసులో ముసలిదైపోయి చచ్చిపోయింది. పాపం, అసలు పళ్ళు కూడా లేవు, ఉన్నవన్నీ సుద్దవే. పళ్ళు లేకుండా ఎలా తింటుందని చిన్నప్పుడు నేను ఒకటే ఏడుపు. నా పాలపన్ను ఊడితే తాతయ్య నన్ను ఎత్తుకుని, 'సింహానికి ఇచ్చెయ్యమ్మా' అని ఇక్కడి చిల్లులోంచి వేయించాడు. నీ కథ కూడా బాగుందిలే, విని ఉంటే పొంగిపోయేవాడు. కానీ ఈ మోకాళ్ళతో నేను ఇంత దూరం వచ్చింది ఆ చిల్లు కోసం. అదేదీ నాయనా?"

"కుట్టేశానమ్మా," అన్నాడాయన. బల్ల మీద పడిన పన్ను కళ్ళముందు మెదిలింది.

"మరి నా పన్ను? లోపలే ఉందా?"

భార్య ఆయన ముఖంలోకి చూసింది. పన్ను సంగతి ఆవిడకు తెలుసు. ఎలుకల్ని తిట్టుకుంటూ ఆయనే చెప్పాడు.

"ఉందమ్మా," అన్నాడాయన మెల్లగా. "చూశాను. ఎక్కడ జారిపోతుందోనని చిల్లు మూసేశాను. ఇంక ఎక్కడికీ పోదు."

ముసలావిడ కళ్ళు మెరిశాయి. మళ్ళీ ఒకసారి భుజమంతా తడిమి చూసింది. ఎక్కడా ఏమీ తగల్లేదు.

"ఎంత బాగా కుట్టావు నాయనా! ఎక్కడ కుట్టావో తెలియనే తెలియట్లేదు."

జన్మంతా ఎదురుచూసిన మాట అది. ఆయన తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని నిలబడ్డాడు. ముసలావిడ సింహాన్ని ఒకసారి ముద్దుగా తట్టి, కర్ర పోటుతో మెల్లగా వెళ్ళిపోయింది.

మొగుడు చెప్పిన కథ తన కథ కంటే బాగుందని గైడమ్మకు తెలుసు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు.