మెట్టు లేని స్వరం

మూడో గ్లాసు సోంపు కషాయం తాగినా వజీహా గొంతు తడారిపోతూనే ఉంది. పదకొండు దాటింది. మంగళవారం పదకొండున్నరకి షఫీక్ రాక మానడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే వరస: చంకలో ఊద్ వాద్యం, చేతిలో చిక్కుడుగింజల ముద్ద పెట్టిన రొట్టెలు, టోపీ మడతలో గద్ద ఈక. ఆ ఈకతోనే తీగ మీటుతాడు. స్నానానికి వెళ్లినా దాన్ని వదలడని అతని భార్య, బతికున్నన్నాళ్లూ ఆడిపోసుకునేది.

వజీహా చూడ్డానికి ఏ బడిలోనో వంటావిడలా ఉంటుంది. పొట్టి మనిషి, వాచిన మోకాళ్లు, దారం కట్టిన కళ్లజోడు. తన పాటలు తానే రాసుకుని, అలెగ్జాండ్రియా పెళ్లిళ్లలో పాడుతూ అరవై ఆరుకి వచ్చింది. ఇప్పుడీ బుద్ధి పుట్టింది. యంత్రం దరువు, కీబోర్డు, వాటి మీద గుండె విప్పి చెప్పుకున్నట్టు సాగే సోల్ పాటలు. తొమ్మిది రాసింది. ఒక్కదాంట్లోనూ ఊద్ లేదు. ఆ సంగతి షఫీక్‌తో చెప్పాలి. నాలుగు మంగళవారాలుగా నోరు పెగలడం లేదు.

"అత్తా, ఇది విను," అంది మిర్నా. పాటలు రికార్డు చేసే ఈ మేడగదీ, యంత్రాలూ ఆమెవే.

వజీహా విని మొహం చిట్లించింది. "చరణం చివర ఆ గొంతు నాది కాదే."

"నీదే. కాస్త కిందికి జారావు. కంప్యూటర్ పైకి లాగి సరిచేసింది."

వజీహా ఆ చరణం మళ్లీ పెట్టించుకుని వింది. గొంతు నిజంగానే పోయిందా? అదే పోతే ఇక పాతా లేదు, కొత్తా లేదు.

"జారలేదమ్మాయ్," అన్నాడు గుమ్మంలోంచి షఫీక్. ఎంతసేపయిందో వచ్చి. "అది ఉండాల్సిందే అక్కడ, కీబోర్డు మీద రెండు మెట్ల మధ్య. మీ పెట్టెలో దానికి మెట్టే లేదాయె. పాపం, దానికేం తెలుసు?"

రొట్టెలు బల్ల మీద పెట్టి, ఊద్ ఒళ్లోకి తీసుకుని ఆ ఒక్క స్వరం మీటాడు. మిర్నా చెవి ఒగ్గి కీబోర్డులో ఒక మెట్టు శ్రుతి దించసాగింది.

"ఇంకాస్త. ఊహూఁ, మరీ దించేశావ్. వెనక్కి రా. ఆఁ, అదీ."

వజీహా మళ్లీ పాడింది. ఈసారి ఎవరూ సరిచెయ్యలేదు. అతను తల వంచుకుని పాటంతా విన్నాడు. ఊద్ కోసం ఎక్కడా చోటు రాలేదు.

"షఫీక్, నీతో ఒక మాట..."

"నీ మొహం చూసి నెల్నాళ్ల కిందటే పోల్చుకున్నా. నిజం దాచడం నీకు ఏనాడు చేతనైంది గనక? పాట బావుంది. రొట్టె తిను, చల్లారిపోతోంది."

ఆమెకి సిగ్గేసింది. గండం గడిచిందని లోపల హాయిగానూ అనిపించింది, అందుకు మరింత సిగ్గేసింది.

అతను ఊద్‌ని సంచిలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ కిందికి దిగాడు. వచ్చే మంగళవారం ఏం తెమ్మంటావని ప్రతిసారీ సగం దారిలోంచి కేకేసేవాడు. వజీహా గుమ్మం బయటికి వచ్చి, కిందికి వంగి చూస్తూ చాలాసేపు నిలబడింది. కేక రాలేదు.

తిరిగి గదిలోకి వచ్చేసరికి కీబోర్డు మీద, ఇందాక శ్రుతి దించిన ఆ మెట్టు మీద, మొన అరిగిన గద్ద ఈక ఉంది.