సుబ్బులు దాటేసిన ఎగ్జిట్

ముగ్గురు మగవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద సగం అమెరికా చుట్టి వస్తున్నారని టెక్సాస్‌లోని ప్లేనోలో తెలుగువాళ్లందరికీ తెలుసు. వాళ్ల వెనకాలే మినీవ్యాన్‌లో రైస్ కుక్కరు, ఆవకాయ, సోనా మసూరి బస్తా వేసుకుని సుబ్బులు కూడా అంత దూరమూ వస్తోందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ వీరుల్లో పెద్దవాడు వీరభద్రరావు ఆమె మొగుడే. రాత్రికి పప్పన్నం పడకపోతే మర్నాడు ఆయనకు బండి స్టాండు కూడా తియ్యబుద్ధి కాదు.

ఇల్లు ఇంకా రెండు రోజుల దారి ఉందనగా, న్యూ మెక్సికోలో ఒక మోటెల్ గదిలో అందరికీ పెరుగు వడ్డిస్తూ సుబ్బులు మనసులో మాట చెప్పేసింది.

“రేపు బండి నేను నడుపుతానండీ. మీరు వ్యాన్ తీసుకురండి.”

వీరభద్రరావు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “ఏ బండి?”

“మీ ఎన్‌ఫీల్డే. నాకు లైసెన్స్ ఉంది. మొన్న చలికాలం శనివారాలు గుడిలో అన్నదానం సేవ అని వెళ్లేదాన్ని కదా, అది బైక్ ట్రైనింగ్.”

పక్క వీధిలో ఉండే పాత స్నేహితుడు రంగయ్యకు పొలమారింది. “మా లీలావతిని కూడ తీస్కపోయినవా వదినా?” అన్నాడు, పెళ్లాం గుర్తొచ్చి భయంగా.

ముగ్గురిలో కుర్రవాడు శశికాంత్ తల అడ్డంగా ఊపాడు. “ఆంటీ, హైవేలో ట్రక్ పక్కనుంచి వెళ్తే ఆ గాలి మామూలుగా ఉండదు. బండిని తోసేస్తుంది.”

“అది మిమ్మల్ని ఎటు తోస్తోందో మూడు వారాలుగా వెనకనుంచి చూస్తూనే ఉన్నా నాయనా.”

వీరభద్రరావు బాధ వేరు. ఎల్లుండి సాయంత్రం ఇంటి ముందు స్నేహితులంతా పోగవుతారు. లీలావతి హారతి పళ్లెం పట్టుకుని నిలబడుతుంది. తను బండి దిగి, హెల్మెట్ తీసి, జుట్టు సవరించుకోవాలి. ఆ దిగడం ఎలాగో ఆయన ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నాడు. మినీవ్యాన్ దిగినవాడికి హారతి ఎవరిస్తారు? చాలాసేపు బేరమాడి చివరకు ఒప్పుకున్నాడు.

“అమరిల్లో ఊరి దాకా నడుపు. అక్కడ మొదటి ఎగ్జిట్‌లో హైవే దిగి నా బండి నాకిచ్చెయ్.”

సుబ్బులు సరేనంది. అప్పటికి నిజంగానే సరేననుకుంది.

తెల్లారగానే బియ్యం బస్తా కిందనుంచి తను కొని దాచుకున్న జాకెట్టు, హెల్మెట్ బయటికి తీసింది. పెళ్లికి ముందు రాజమండ్రిలో ఆమె లూనా మోపెడ్ మీద బ్యాంకుకు వెళ్లేది. పెళ్లి కాగానే దాన్ని అమ్మేశారు. అమ్మనా వద్దా అని ఆమెను అడిగినవాళ్లు లేరు, ఆమె కూడా ఏమీ అనలేదు. ఆ ఉక్రోషం ఇన్నేళ్లూ ఎక్కడ దాక్కుందో, బండి స్టార్టు కాగానే ఒళ్లంతా పాకింది.

మొదట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే నడిపింది. ఒక ట్రక్కు హోరుమంటూ పక్కనుంచి పోయింది. బండి ఊగింది కానీ పడలేదు. రెండో ట్రక్కుకు భుజాలు సడలాయి. మూడోదాన్ని తనే దాటేసింది. ఇన్నాళ్లూ అద్దం వెనకనుంచి, పోపు వాసనలో కూర్చుని చూసిన ఆకాశం ఇప్పుడు నెత్తిమీదే ఉంది. గాలి గుండెల మీద గుద్దుతుంటే సుబ్బులు హెల్మెట్ లోపల పకపకా నవ్వింది.

“మంచిగ పోతున్నవు వదినా,” అని హెల్మెట్ స్పీకర్లో రంగయ్య గొంతు వినిపించింది. అతనూ శశికాంతూ ఆమెను ముందుకు పంపి వెనక్కి తగ్గారు.

టెక్సాస్ వచ్చేసింది. గాలిమరలు వెనకబడ్డాయి, పశువుల వాసన వచ్చింది, అమరిల్లో బోర్డు కనిపించింది. సుబ్బులు ఇండికేటర్ వేసింది. ఎగ్జిట్ దగ్గరపడింది. ఇంకాస్త దగ్గరపడింది. ఇండికేటర్ ఆపేసింది.

“వదినా, ఎగ్జిట్ పోయింది.”

“తెలుసు రంగయ్యగారూ.”

“అట్లనా. అయితే నడు.”

వెనక వ్యాన్ లైట్లు టపటపా వెలిగి ఆరాయి. చెవిలో ఫోన్ మోగింది, ఆగి మళ్లీ మోగింది. కాపురానికి వచ్చాక మొగుడి ఫోన్ ఆమె ఎత్తకపోవడం అదే మొదలు. అయినా ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆమెకు గుర్తు రాలేదు.

ఊరు దాటాక, పెట్రోల్ తగ్గితే క్లాడ్ అనే చిన్న ఊరి బంకులో ఆగింది. వ్యాన్ వచ్చి పక్కన ఆగింది. వీరభద్రరావు తలుపు దబాలున వేసి దిగాడు. మిగతా ఇద్దరూ మంచినీళ్ల వంకతో లోపలికి జారుకున్నారు.

“మాట తప్పాను,” అంది సుబ్బులు, ఆయన నోరు తెరవకముందే. “తెలిసే తప్పాను. ఇవ్వబుద్ధి కాలేదండీ. ఇంటిదాకా నేనే నడుపుతా.”

ఆయన వ్యాన్ వైపు చూశాడు, మళ్లీ ఆమె వైపు చూశాడు.

“వ్యాన్‌లోంచి మీ వీపులు తప్ప ఇంకేం కనపడలేదే. ఇన్ని రోజులూ నీకూ అంతేనా?”

“అంతే.”

వీరభద్రరావు ఫోన్ తీసి, ఆమె ఎదురుగానే లీలావతికి చేశాడు.

“అమ్మా లీలావతీ, రేపు హారతి సుబ్బులుకివ్వాలి. ముందు బండి తనదే... అవునమ్మా, తనే నడుపుతోంది... నేనా? నేను వెనకాల వ్యాన్‌లో వస్తాలే.”

ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. సుబ్బులుకు నిజంగానే జాలేసింది. అయినా తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.