బడి రిజిస్టరులో పుట్టుమచ్చ

ఫిబ్రవరి పదకొండు. ఆ పొద్దున అమోసు తిన్నది రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ, ఒక ఉల్లిపాయ. భార్య కృపాబాయి పోయినప్పటి నుంచి అతని పొయ్యి రోజుకొక్కసారే వెలుగుతోంది. ఎనిమిదింటికల్లా ఆ పరాయి దేశపు ఖురియాత్ ఆస్పత్రి రికార్డుల గదిలో కూర్చుని, పందొమ్మిదేళ్లుగా చేస్తున్నట్టే, ఫైళ్ల మీది పేర్లను పాస్‌పోర్టు కాపీలతో సరిచూస్తున్నాడు.

మూడో ఫైలు దగ్గర చెయ్యి ఆగింది. గణపతి, వడ్రంగి, అరవై ఎనిమిదేళ్లు. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పారు. స్ట్రెచర్ మీద ఇంటికి పంపే కాగితం ఈరోజే వెళ్లాలి. పాత పాస్‌పోర్టు కాపీలో ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని ఉంది. నిన్న వార్డులో చూసిన బుగ్గ మీద ఏ మచ్చా లేదు. మనిషికి అరవై కూడా ఉన్నట్టు లేవు.

ఫైల్లో తోబుట్టువు రాములవ్వ నంబరుంటే ఫోన్ చేశాడు.

“గణపతన్న సచ్చి ముప్పయ్యేండ్లాయె సారూ! పంచాయతీల రాసుంది. మీ దవాఖాన్ల సచ్చినోనికి మందులేస్తున్రా?”

“మరి ఈయనెవరమ్మా?”

“మా చిన్నోడు, దేవదాసు. అన్న పాస్‌పోర్టు మీద ఎక్కిండు. సచ్చినోని పేరు మీదొస్తే నాకెట్ల అప్పజెప్తరు?”

అమోసు నమ్మలేదు. నిరుడు తమ్ముణ్ణని ఏడ్చినవాడొకడు చనిపోయిన మనిషి సామానంతా పట్టుకుపోయాడు. రుజువు పంపమన్నాడు.

మధ్యాహ్నం ఊరి బడి అడ్మిషన్ రిజిస్టరు ఫోటో వచ్చింది. దేవదాసు, తండ్రి రాజన్న, వడ్ల పని, అంటే వడ్రంగమే. పుట్టుమచ్చ: కుడి చెవి వెనక. సిరా పాతదేనా అని అమోసు ఫోటోను పెద్దది చేసి మరీ చూశాడు.

అమోసు వార్డుకెళ్లేసరికి నర్సు అబిగైల్, ఎండ కళ్లలో పడకుండా రోగి మంచాన్ని పక్కకు జరిపి ఉంచింది.

“గణపతిగారూ, తల కాస్త అటు తిప్పుతారా?”

ఆయన చూపు మారింది. గోరు చీలిన బొటనవేలున్న చెయ్యి మెల్లగా లేచి కుడి చెవిని కప్పేసింది.

“ఎందుకు సార్? పోలీసోళ్లు పంపిన్రా?”

“కాదండీ. రాములవ్వగారు.”

చెయ్యి దిగలేదు. “అక్కను జైల్ల ఏస్తరా?”

“ఏం చేస్తారో నాకు తెలియదండీ. గణపతి పేరుతో పంపితే మాత్రం మిమ్మల్ని ఆవిడ దగ్గరికి చేర్చరు.”

కొయ్యలో పగులు వెతికినట్టు ఆయన అమోసు ముఖాన్ని చాలాసేపు చూశాడు. చెయ్యి పక్క మీదికి జారింది. చెవి వెనక పెసరగింజంత మచ్చ.

“నన్ను దాసూ అని పిల్సినోళ్లే లేరు సార్ ఈడ.”

“దాసుగారూ,” అన్నాడు అమోసు.

“గారు వద్దు సార్. పేరే ఎక్కువయ్యింది.” నవ్వితే దగ్గు వచ్చింది.

‘గణపతి పేరుతో పనిచేసిన దేవదాసు’ అని అమోసు కాగితం రాసి, బడి రిజిస్టరు పేజీని జతచేసి, సంతకం పెట్టాడు.

అయిదున్నరకు అబిగైల్ వచ్చింది. “అంకుల్, ఆ తాత ఇప్పుడే... నిద్రలోనే.”

అమోసు కాగితంలో స్ట్రెచర్ అన్న మాట కొట్టేసి, శవపేటిక అని రాశాడు. పేరు ముట్టుకోలేదు.

చొక్కా జేబులో దొరికిందని ఆమె ఇచ్చినదాన్ని బల్ల మీద పెట్టి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు. లోపల బల్ల మీద, ఉలితో మొన తీసిన వడ్రంగి పెన్సిలు. ఇంకా రెండంగుళాలు మిగిలి ఉంది.