పట్టీ లేని కోటు

తడిసిన ఓవర్‌కోటును కపిటొలీనా యెగొరొవ్నా బల్ల మీదుగా ఇవతలికి లాక్కుంది. భుజాల దగ్గర పట్టుకుని రెండుసార్లు దులిపింది. మంచు నేల మీద రాలాక, కాలరు లోపలికి వేలు పోనిచ్చి, కొక్కేనికి తగిలించే పట్టీ కోసం తడిమింది. ఉంది, గట్టిగానే ఉంది. కోటును నలభై ఏడో కొక్కేనికి తగిలించి, అదే అంకె చెక్కిన ఇత్తడి బిళ్ళను బల్ల మీద పెట్టింది.

"తరవాత" అంది తలెత్తకుండా.

పదకొండేళ్ళుగా ఆమె పని ఇదే. పీటర్స్‌బర్గ్‌లో కాలువ గట్టున ఉన్న ఆ మ్యూజియంలో పైకి వెళ్ళి గోడల మీది రంగుల బొమ్మలు చూడాలంటే ముందు కింద ఆమె బల్ల దగ్గర కోటు విప్పాలి. పైన ఏ గదిలో ఏ బొమ్మ ఉందో ఆమెకి తెలియదు. ఎవరైనా అడిగితే చేత్తో మెట్లు చూపిస్తుంది. మనుషుల మొహాలు కూడా ఆమెకి అంతగా గుర్తుండవు. కోట్లు గుర్తుంటాయి. విదేశాల వాళ్ళవి గాలి కూరినట్టు తేలిగ్గా, జారుడుగా ఉంటాయి. కలిగినవాళ్ళ బొచ్చుకోట్లు నిద్రపోతున్న పిల్లల్లా బరువుగా భుజం మీద వాలతాయి. పింఛనుదార్ల కోట్లు కలరా ఉండల వాసన వేస్తాయి. ఫిబ్రవరి తడిమంచులో ఆ వాసన ఇంకా చిక్కబడుతుంది.

ఇవాళ నెలలో మూడో గురువారం. పింఛనుదార్లకి ప్రవేశం ఉచితం. పదిన్నర కాకముందే గదంతా ఆ వాసన నిండిపోయింది.

ఆమెకి అరవై తొమ్మిదేళ్ళు. పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. కుడి భుజం రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది. కుడిచేతి నడిమివేలి కొసన సూదిని నెట్టి నెట్టి పడిన చిన్న గుంట. కాళ్ళు వాచి బూట్లు పట్టవు కాబట్టి, వచ్చీ రాగానే ఉన్ని చెప్పులు వేసుకుని, మ్యూజియం వాళ్ళిచ్చిన నీలం అంగీ తొడుక్కుంటుంది. పొద్దుట లేచినప్పటి నుంచి ఎడమచెయ్యి బరువుగా ఉంది, వేరే ఎవరి చెయ్యో తెచ్చి తన భుజానికి తగిలించినట్టు. నిన్న మోసిన తడి కోట్ల వల్లనే అనుకుంది.

బల్ల రెండో కొసన రిమ్మా ఉంటుంది. పదేళ్ళు చిన్నది. జుట్టుకి ఎర్రరంగు వేస్తుంది. జనం లేనప్పుడు పత్రికలో గళ్ళనుడికట్టు నింపుతుంది.

"ఎవరికోసం అక్కా ఆ చూపులు? మగపెళ్ళివారు వస్తున్నట్టు తలుపు వంకే చూస్తున్నావు" అంది రిమ్మా.

"గాలి వస్తోందని చూస్తున్నాను. నీ గళ్ళు నువ్వు నింపుకో."

గాలి సంగతి అబద్ధం. ఆమె ఒక బూడిదరంగు కోటు కోసం చూస్తోంది.

పోయిన నెల మూడో గురువారం నాడు చలి సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉంది. ఆ రోజే రెండు బడుల పిల్లలు ఒకేసారి వచ్చిపడ్డారు. వరస వీధి తలుపు దాకా సాగింది. ఆ వరసలో ఆ పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు ఆమెకి తెలియదు. నాలుగేళ్ళుగా ప్రతి నెలా మూడో గురువారం వస్తాడు. ఊళ్ళో ఏ మ్యూజియంకి ఏ రోజు ఉచితమో ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకున్నాడని, మొదటి బుధవారం జంతువుల ఎముకలు పెట్టినచోటికి, రెండో మంగళవారం ఓడల బొమ్మల దగ్గరికి, మూడో గురువారం ఇక్కడికి వస్తాడని రిమ్మా ఎప్పుడో చెప్పింది. ఆయన కోటుకి కాలరు లోపలి పట్టీ ఒక పక్క ఊడి రెండేళ్ళయింది. వచ్చినప్పుడల్లా "కుట్టించుకో పెద్దాయనా, ఇంకోసారి తీసుకోను" అని ఈమె అనేది, ఆయన తలూపేవాడు. ఆ రోజు పట్టీ పూర్తిగా తెగిపోయి ఉంది.

ఆమె కోటును ఆయన మీదికే తోసేసింది. గోడ మీది అట్ట చూపించింది. పట్టీ లేని కోట్లు తీసుకోబడవు అని దాని మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. అంతటితో ఆగినా పోయేది. వరసలో అందరూ వింటుండగా, "ఇంట్లో సూది పట్టుకునే ఆడమనిషి లేదా?" అంది.

"ఉండేది" అన్నాడాయన.

కోటు మళ్ళీ తొడుక్కున్నాడు. బొత్తాలన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుని, బయటికి వెళ్ళిపోయాడు. పిల్లల గోలలో ఆ మాట ఆమె చెవిన పడింది గాని తలకెక్కలేదు. సాయంత్రం ట్రామ్‌లో కడ్డీ పట్టుకుని నిలబడి ఇంటికి పోతుంటే ఎక్కింది. దిగాల్సిన చోటు దాటిపోయాక గాని ఆమె దిగలేదు.

ఈ నాలుగు వారాలూ ఆమెకి ఒకటే ఆలోచన. ఆయన మళ్ళీ వస్తే ఏమీ అనకుండా కోటు తీసుకోవాలి. ఆయన పైన ఉన్నంతసేపట్లో పట్టీ కుట్టి పెట్టాలి. వస్తేనే కదా. రాకపోతే ఆయన్ని వెతికేదెక్కడ? పేరైనా తెలియదు.

పట్టీ అంటే ఆమెకి అంత పట్టింపు ఊరికే రాలేదు. పదిహేడో ఏట కుట్టు ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ ఒక్కో కోటు నలభై మంది చేతులు దాటితే గాని తయారయ్యేది కాదు. కొందరికి జేబులు, కొందరికి కాజాలు, కొందరికి లైనింగు. ఆమెకీ, ఇంకో ఇద్దరికీ పట్టీలు ఇచ్చారు. ఫ్యాక్టరీ మూతపడేదాకా, నలభై ఒక్క ఏళ్ళు, పట్టీలే కుట్టింది. మిషను మీద ఒక కుట్టు, దాని మీద చేత్తో ఇంకో కుట్టు. నిండు కోటు ఒక్కటైనా తన చేత్తో కుట్టలేదు. కొత్తగా చేరిన పిల్ల కుట్టిన పట్టీకి మేస్త్రమ్మ నీళ్ళ బకెట్టు తగిలించి పది లెక్కపెట్టేది. చాలామంది బకెట్లు కింద పడ్డాయి. ఆమెది పడలేదు.

మొగుడు ప్రొఖోర్ రేవులో క్రేను నడిపేవాడు. ఇంటికి రాగానే కోటు విప్పి కుర్చీ మీద పడేసేవాడు. ఊరందరికీ నేను పట్టీలు కుడుతుంటే నా మొగుడికి మాత్రం కొక్కెం కనపడదు అని ఇరవై ఆరేళ్ళు సణిగింది. అతను నవ్వి ఊరుకునేవాడు. అతను పోయాక కోటు తీసి తనే కొక్కేనికి తగిలించింది. ఖాళీ కుర్చీ వంక చూస్తూ రెండు రోజులు గడిపింది. మూడో రోజున కోటు తీసుకొచ్చి మళ్ళీ కుర్చీ మీదే వేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది. వాళ్ళకి పిల్లలు లేరు.

ఇంకో సంగతి ఉంది. వారం కిందట ఆమె సొంత కోటు పట్టీ కూడా తెగింది. ఎవరూ చూడకుండా దాన్ని మూల ఉన్న చివరి కొక్కేనికి కాలరుతో గుచ్చి, పైన శాలువా కప్పుతోంది. రిమ్మా కంట పడనే పడింది.

"అట్ట మీద రాసింది వచ్చేపోయేవాళ్ళకేనా అక్కా, మనకి వర్తించదా?" అంది.

దానికోసమే నిన్న జానెడు నల్ల నాడా కొని, సూదీ దారంతో పాటు సంచిలో పెట్టుకుని వచ్చింది.

పదకొండున్నరకి తలుపు తెరుచుకుంది. బూడిదరంగు కోటు లోపలికి వచ్చింది.

పెద్దాయన నేరుగా బల్ల దగ్గరికి రాలేదు. గుమ్మంలో బూట్లు చాలాసేపు తుడుచుకున్నాడు. రిమ్మా కొస ఖాళీగా ఉంటే అటు రెండడుగులు వేశాడు. అప్పుడే ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు అక్కడికి చేరారు. ఇక తప్పక ఇటు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకి వంగి ఉన్న మనిషి. కోటు విప్పి, కాలరు వెనక్కి మడిచి, లోపలి వైపు ఆమెకి కనపడేలా పట్టుకున్నాడు.

"పట్టీ ఉందమ్మా ఇవాళ" అన్నాడు, పంతులమ్మకి పాఠం అప్పజెప్పే పిల్లాడిలా.

బూటు లేసు ముక్క అది. రెండు కొసలకీ రెండు పిన్నీసులు. ఒక పిన్నీసు తుప్పు పట్టి ఉంది.

ఆమె ఆ పిన్నీసుకి వేలు తగలకుండా కోటు అందుకుంది. అరవై ఒకటో బిళ్ళ బల్ల మీద పెట్టింది. ఆయన బిళ్ళను గుప్పిట్లో దాచుకుని, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి పైకి వెళ్ళాడు.

"పిన్నీసుల కోటు తీసుకున్నావా? నువ్వేనా అక్కా?" అంది రిమ్మా.

ఆమె కాసేపు తన వరస కూడా చూడమని చెప్పి, కోట్ల వెనక స్టూలు మీద కూర్చుని, ఆ కోటు ఒళ్ళో పరుచుకుంది. పిన్నీసులు తీసి బల్ల సొరుగులో పెట్టింది. కాలరు తిప్పేసరికి లోపల చిన్న గుడ్డ చీటీ కనపడింది. అక్షరాలు అరిగిపోయాయి గాని గుర్తు అరగలేదు. తమ ఫ్యాక్టరీ గుర్తే. ఈ కోటు పట్టీ కుట్టింది ముగ్గురిలో ఒకరు. ఎవరో చెప్పటానికి ఇప్పుడు తెగిన దారం పోగులు తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె వాటిని గోటితో ఒక్కొక్కటే లాగి చూసి, కింద పడేసింది.

చీటీ పక్కన లైనింగు మీద ఎర్రదారంతో రెండు పొడి అక్షరాలు కుట్టి ఉన్నాయి. ఆస్పత్రిలో కోట్లు కలిసిపోకుండా ఇంటి ఆడవాళ్ళు అలా కుడతారు. ఆ కుట్టుకి సూది తగలకుండా, పట్టీ చోటు ఒక వేలెడు పక్కకి జరిపింది.

నాడా రెండు కోట్లకి సరిపోతుందనుకుంది. ఈ కోటు తడిసి గోనెబస్తాలా ఉంది. దీని బరువుకి రెండు మడతలు వెయ్యాలి. వేస్తే ఇంక మిగలదు. మూల ఉన్న తన కోటు వంక ఒకసారి చూసింది. నాడా మొత్తం మడిచింది.

మామూలుగా అయితే పావుగంట పని. ఎడమచెయ్యి గుడ్డని సరిగా పట్టటం లేదు. మోచేత్తో మోకాలికి అదిమి పట్టుకుని కుట్టింది. నుదుటి మీద చెమట పోసింది. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. చివర ముడి వేసి, దారం పంటితో కొరికి, సూదిలో మిగిలిన దారం పారెయ్యబుద్ధి కాక, సూదితో సహా తన కోటు కాలరు కింద గుచ్చి పెట్టింది. నాడా రేపు కొనుక్కోవచ్చు.

"రిమ్మా, ఆ ఇసుక బకెట్టు ఇలా పట్రా."

"ఎక్కడైనా అంటుకుందా?"

"పట్రా ముందు."

నిప్పు ఆర్పటానికి గోడకి పెట్టిన ఎర్ర బకెట్టు అది. ఎందుకో తెలియకుండానే రిమ్మా దాన్ని మోసుకొచ్చి, చెప్పినట్టు కొత్త పట్టీకి తగిలించింది. కపిటొలీనా యెగొరొవ్నా పైకే పది లెక్కపెట్టింది. నాడా వీసమెత్తు సాగలేదు.

"నీకు పిచ్చి ముదిరింది అక్కా" అని రిమ్మా నవ్వుతూ బకెట్టు వెనక్కి పట్టుకుపోయింది. ఆ నవ్వుకి ఈమె కూడా పెదవులు కదిపింది.

రెండు దాటాక పెద్దాయన దిగి వచ్చి బిళ్ళ బల్ల మీద పెట్టాడు. ఆమె కోటును కొత్త పట్టీతోనే, ఒక్క వేలి మీద, ఆయన ముందు పట్టుకుంది. ఆయన చూసి తీసుకోలేదు.

"ఇది నాది కాదమ్మా. నాదానికి పిన్నీసులుంటాయి."

"మీదే. ఇవిగో మీ పిన్నీసులు."

ఆయన పిన్నీసుల వంక చూశాడు. పట్టీ వంక చూశాడు. వేలు పెట్టి లాగి చూశాడు. ఆ వేలు మెల్లగా పక్కకి పోయి ఎర్రదారం అక్షరాల మీద ఆగింది. అవి చెక్కుచెదరలేదని చూసుకుని, కోటు అందుకున్నాడు.

"పోయినసారి చలి బాగా ఉండింది" అంది ఆమె. అంతకన్నా ఎలా చెప్పాలో ఆమెకి తెలియదు.

"ట్రామ్ తొందరగానే వచ్చింది లెండి" అన్నాడాయన.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ చలికి ఆ రోజు ట్రామ్‌లు గంటకొకటి కూడా నడవలేదు.

ఆయన బొత్తాలు పెట్టుకుంటూ చెప్పాడు. పైన పన్నెండో గదిలో కిటికీ పక్కన ఒక చిన్న బొమ్మ ఉందట. ఎవరిదో పెరడు, తాడు మీద ఆరేసిన దుప్పట్లు, అంతే. ఆయన భార్య దాని ముందు నిలబడినప్పుడల్లా ఆ మూల దుప్పటి సరిగా పిండలేదు అనేదట. ఇవాళ చాలాసేపు చూస్తే, నిజంగానే దాని కింద నేల తడిగా వేసి ఉందట.

"మీరు చూసే ఉంటారు" అన్నాడు.

"కోట్లు వదిలి ఎక్కడికి పోతాను?" అంది. బిళ్ళను అరవై ఒకటో కొక్కేనికి తగిలించి, "వచ్చే నెల మీరొచ్చినప్పుడు చూపిద్దురు గాని. రిమ్మా ఉంటుందిగా ఇక్కడ" అంది.

ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళాడు. ఆయన వెనక తలుపు మూసుకునేదాకా ఆమె నిలబడే ఉంది.

మూడింటికి జనం పలచబడ్డారు. టీ తెస్తానని రిమ్మా వెనక గదిలోకి వెళ్ళింది. రెండు గ్లాసులతో తిరిగి వచ్చేసరికి కపిటొలీనా యెగొరొవ్నా స్టూలు మీద కూర్చుని, ఎవరివో తడి కోట్ల మధ్యకి తల వాల్చి ఉంది. కునుకు తీస్తోందనుకుని రిమ్మా గ్లాసు ఆమె పక్కన పెట్టి, తన గళ్ళు నింపుకుంది. "నదికి ఎగువన, నాలుగక్షరాలు" అని అడిగింది. జవాబు రాలేదు. ఇంకోసారి అడిగి, అప్పుడు లేచి వెళ్ళి చూసింది.

అంబులెన్సు వాళ్ళు ఇద్దరు వచ్చారు. వాళ్ళు తొందరపడలేదు. ఆమెని నీలం అంగీతోనే, ఉన్ని చెప్పులతోనే స్ట్రెచరు మీదికి ఎత్తి, మొహం మీదుగా బూడిదరంగు కంబళి కప్పారు. బిళ్ళలు చేత పట్టుకున్న నలుగురైదుగురు గోడకి ఒదిగి దారి ఇచ్చారు. వాళ్ళు వెళ్ళాక ఒకావిడ మెల్లగా, "నాది ఎనభై మూడు" అంది. రిమ్మా పొరపాటున ముప్పై ఎనిమిదో కోటు తెచ్చి ఇచ్చింది.

ఆరింటికి మూసేస్తారు. మూసేముందు పై అంతస్తు కాపలా మనిషి స్తెఫానిద మెట్ల మీంచి కిందికి కేక వేసి అడగటం అలవాటు. కింద ఒక్క కోటు మిగిలినా పైన ఎక్కడో ఒక మనిషి ఉన్నట్టే. ఆ మనిషి దిగేదాకా దీపాలు తియ్యరు, తలుపులు వెయ్యరు.

"రిమ్మా, ఏమైనా మిగిలాయా?"

రిమ్మా వరసలన్నీ చూసుకుంటూ మూల దాకా వెళ్ళింది.

"ఒకటుంది. ఇంకా ఎవరో పైనే..." అంటూ శాలువా తొలగించి, ఆగిపోయింది.

పైనుంచి మళ్ళీ అడిగారు.

"లేదు" అంది రిమ్మా. "పైన ఎవరూ లేరు. దీపాలు తీసెయ్యి."

ఒక్కో గదీ ఆరుతూ చీకటి మెట్ల మీదుగా కిందికి దిగింది. చివరి కొక్కేనికి గోధుమరంగు కోటు కాలరుతో గుచ్చి ఉంది, కొద్దిగా ఒక పక్కకి ఒరిగి. కాలరు కింద సూది, దానికి వేలాడుతూ జానెడు నల్ల దారం.